వ్యాధిగ్రస్తుని నెత్తిననే రుజువు భారమా?

అగ్నిమాపకుడు మంటలలో చిక్కి మరణించినచో, ఆతడు విధినిర్వహణమున ప్రాణమర్పించెనని చెప్పుటకు సాక్షులు అక్కరలేదు. అదే మనుష్యుడు ఆ మంటల పొగను ఇరువదియేండ్లు పీల్చి, ఉద్యోగవిరమణానంతరము మూత్రాశయమునందో మూత్రపిండమునందో కాన్సరు పొడసూపగా ఆసుపత్రి మంచముపై కన్నుమూసినచో, ఆ చావు వృత్తివలన వచ్చినదా, యాదృచ్ఛికముగ వచ్చినదా యను వివాదము తక్షణమే పుట్టును. న్యూయార్కు నగరము సెప్టెంబరు 11న తన మృతులను స్మరించుకొను ప్రతి సంవత్సరమును ఈ ప్రశ్న అచట తలయెత్తుచునే యున్నది. 1944 ఏప్రిలు 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ నౌక ప్రేలినపుడు అసువులు బాసిన 66 మంది అగ్నిమాపక సిబ్బందిని తలచుకొని మనము ఏటేట జరుపుకొను వారోత్సవములందు మాత్రము అది ఇంకను వినవచ్చుట లేదు. మంటలలో మరణించినవారిని మనము గౌరవింపనేర్చితిమి. మంటలారిన పిమ్మట మెల్లమెల్లగ మరణించువారిని గుర్తింపవలసియున్నది.

ఈ ప్రశ్నను శాసనకర్తల యెదుట నిలిపినవారిలో న్యూయార్కు అగ్నిమాపక శాఖకు చెందిన రే ఫైఫర్ ముఖ్యుడు. ఆయన పనిచేసినది మన్‌హటన్‌లో లింకన్ సెంటరు చెంతనున్న ఇంజన్ 40, లాడర్ 35 కేంద్రము. 2001 సెప్టెంబరు 11న ఆ కేంద్రమునుండి ఫైరింజన్లపై బయలుదేరిన 13 మందిలో 12 మంది తిరిగిరాలేదు. ఆ యొక్క కేంద్రపు విషాదమును డేవిడ్ హాల్బర్‌స్టామ్ మరుసటియేట ఒక గ్రంథముగ వ్రాసెను. నాడు విధులలో లేని ఫైఫర్ వచ్చి చేరి, తరువాత ఇంచుమించు ఎనిమిది మాసములు కూలిన ప్రపంచ వాణిజ్యకేంద్రపు శిథిలములను త్రవ్వుచు, సహచరుల యవశేషములకై వెదకుచు గడపెను. 2009లో మూత్రపిండమున పుట్టిన కాన్సరు అప్పటికే నాలుగవ దశకు చేరియున్నట్లు వైద్యులు కనుగొనిరి. అది మొదలు 2017 మే 28న, 59వ యేట, మరణించువరకును ఆయన చికిత్సల నడుమ దొరికిన వ్యవధినంతయు తనవంటి రోగుల పక్షమున వాషింగ్టనులో వాదించుటకే వినియోగించెను. నడువలేని స్థితిలో చక్రముల కుర్చీలో కూర్చుండి, కాంగ్రెసు సభ్యుల కార్యాలయముల తలుపులొక్కొక్కటే తట్టిన ఆ మనుష్యుని పట్టుదలను ఎంత మెచ్చుకొన్నను చాలదు. ఆ మెచ్చుకోలుతో పాటు, మరణాసన్నుడైనవానికి అట్టి యాచన ఏల అవసరమైనదను ప్రశ్నయు మనకు కలుగవలెను.

ఆ శిథిలములనుండి లేచిన ధూళి సామాన్యమైనది కాదు. పొడియైపోయిన కాంక్రీటు, గాజునార, ఆస్బెస్టాసు, సీసము మొదలగు లోహములు, విమానపు ఇంధనమును ప్లాస్టిక్కులును కాలగా పుట్టిన బహువలయ హైడ్రోకార్బనులు అందు కలసియుండెను. అడుగున మంటలు డిసెంబరు వరకు పూర్తిగ ఆరనేలేదు. అయినను దుర్ఘటన జరిగిన వారము దినములకే, సెప్టెంబరు 18న, అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అధిపతి క్రిస్టీన్ టాడ్ విట్మన్ అచటి గాలి పీల్చుటకు సురక్షితమైనదని ప్రకటించెను. ఆ ప్రకటనకు తగిన ఆధారము అప్పటికి లేదనియు, ప్రకటనల పాఠమును శ్వేతభవనము ప్రభావితము చేసినదనియు ఆ సంస్థ అంతర్గత పర్యవేక్షకుడే 2003లో నివేదించెను. ప్రభుత్వము నిర్భయముగ పీల్చుడని చెప్పిన గాలిని పీల్చి రోగియైనవానిని, నీ రోగమునకు ఆ గాలియే కారణమని నిరూపించుమని అదే ప్రభుత్వము అడుగుటలోని అన్యాయము ఇచట మిక్కిలి స్ఫుటముగ కానవచ్చును.

2006లో శ్వాసకోశవ్యాధితో మరణించిన జేమ్స్ జడ్రోగా యను పోలీసు ఉద్యోగి పేర వెలసిన చట్టముపై అధ్యక్షుడు ఒబామా 2011 జనవరి 2న సంతకము చేసెను. దానివలన ఉచిత వైద్యమునకై ఒక ఆరోగ్య కార్యక్రమము ఏర్పడినది; నష్టపరిహారమునకై పూర్వముండిన నిధి తిరిగి తెరువబడినది. ఐనను ఆ చట్టపు తొలి వ్యాధుల పట్టికలో కాన్సరు లేదు. కారణసంబంధము శాస్త్రీయముగ తేలలేదని దానిని విడిచిరి. ఈ లోపమును దిద్దుటకు తోడ్పడినది ఆవేశపూరితమైన ఉపన్యాసముకంటె అగ్నిమాపక శాఖవారి దస్త్రములే యని నేను తలంచుచున్నాను. ఆ శాఖ తన సిబ్బందికి 2001కి పూర్వమునుండియు క్రమముగ వైద్యపరీక్షలు జరిపి ఫలితములను భద్రపరచియుండుటచే, దుర్ఘటనకు ముందరి ఆరోగ్యమును వెనుకటి ఆరోగ్యముతో పోల్చి చూచుట సాధ్యమైనది. శాఖ ప్రధానవైద్యుడైన డేవిడ్ ప్రెజాంట్ బృందము 9,853 మందిని పరిశీలించి 2011 సెప్టెంబరులో లాన్సెట్ పత్రికయందు ప్రకటించిన వ్యాసములో, ధూళికి గురియైన అగ్నిమాపకులలో కాన్సరు, గురికాని అగ్నిమాపకులలోకంటె 19 శాతము అధికముగ నున్నట్లు చూపెను. మరుసటి సంవత్సరము, 2012 శరత్కాలమున, యాభైకి పైగా కాన్సరు రకములు ఆరోగ్య కార్యక్రమపు పట్టికలో చేరినవి. ముందుగా కొలిచి యుంచిన శాఖ తనవారిని రక్షించుకొనగలిగినది. కొలువని శాఖలు ఈ వాదమును ఎంత న్యాయమైనను గెలువజాలవు.

అంతటితో పోరాటము ముగియలేదు. చట్టపు గడువు ముగియవచ్చినపుడు ఫైఫరును ఆయన సహచరులును చేసిన ప్రయత్నముల ఫలితముగ 2015 డిసెంబరులో ఆరోగ్య కార్యక్రమము 2090 వరకు పొడిగింపబడెను; పరిహారనిధికి మాత్రము ఐదేండ్ల ఆయువే దక్కెను. ఫైఫర్ మరణించిన రెండేండ్లకు, 2019 ఫిబ్రవరిలో, ధనము చాలదని పెండింగు దరఖాస్తులకు 50 శాతము, రాబోవువానికి 70 శాతము కోత విధింపబోవుచున్నట్లు నిధి నిర్వాహకులు ప్రకటించిరి. జూన్ 11న నటుడు జాన్ స్టూవర్టుతో కలసి కాంగ్రెసు ఉపసంఘము నెదుట సాక్ష్యమిచ్చిన పోలీసు డిటెక్టివు లూయిస్ అల్వరెజ్ ఆ నెల 29ననే మరణించెను. జూలై 23న సెనేటు 97-2 ఓట్లతో ఆమోదించిన చట్టమునకు జడ్రోగా, ఫైఫర్, అల్వరెజ్ అను మువ్వురి పేర్లను పెట్టిరి. పరిహారనిధి 2090 వరకు శాశ్వతప్రాయమైనది. మువ్వురును అప్పటికి మృతులే. ఆ దినమున సౌధములు కూలి మరణించిన న్యూయార్కు అగ్నిమాపకులు 343 మంది కాగా, తరువాత ఆ ధూళిజన్యవ్యాధులతో మరణించినవారి సంఖ్య 2023 నాటికి అంతకు సమానమైనది. ఆ పిదప దానిని మించినది. ఆ ఆరోగ్య కార్యక్రమపు సిబ్బందిలో కొందరిని సైతము 2025 ఫిబ్రవరిలో వ్యయనియంత్రణ పేర తొలగించి, ఉభయపక్షముల నిరసనచే తిరిగి చేర్చుకొనవలసివచ్చెను. చట్టములో 2090 అని వ్రాసియున్నంతమాత్రమున నిశ్చింత లేదు.

ప్రపంచ వాణిజ్యకేంద్రపు ధూళి అసాధారణమైనది గనుక, సామాన్యమైన యింటి మంటలార్పువానికి ఆ న్యాయము వర్తింపదని కొందరందురు. ఈ యభ్యంతరమునకు సమాధానము వేరొక అధ్యయనమున గలదు. అమెరికా వృత్తిభద్రతా ఆరోగ్యసంస్థ సాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో, ఫిలడెల్ఫియా నగరములలో 1950 మొదలు పనిచేసిన ఇంచుమించు 30,000 మంది అగ్నిమాపకుల వివరములను 2009 వరకు పరిశీలించి, సామాన్యజనముతో పోల్చగా వీరిలో కాన్సరు సోకుట 9 శాతమును, కాన్సరు మరణములు 14 శాతమును అధికమనియు, ఆస్బెస్టాసువలన వచ్చు మీసోథీలియోమా రెట్టింపనియు తేల్చెను. దృఢకాయులనే ఏరి ఈ ఉద్యోగమునకు తీసుకొందురు గనుక, సామాన్యజనముతో పోలిక అసలు ప్రమాదమును కొంత తగ్గించియే చూపునని కూడ గుర్తుంచుకొనవలెను.

ఈ తొమ్మిది శాతమును గూర్చి కొంత నిదానించి ఆలోచింపవలసియున్నది, ఏలయన వివాదమంతయు ఇందే యిమిడియున్నది. ఇతరులలో 100 మందికి కాన్సరు రావలసినచోట ఈ వృత్తివారిలో 109 మందికి వచ్చినదనుకొందము. ఆ 109 మందిలో వృత్తివలన రోగులైన తొమ్మండుగురు ఎవరో చెప్పగల పరీక్ష లోకమున లేదు. కణితిపై దాని కారణము వ్రాసియుండదు. సివిలు వ్యాజ్యములందు న్యాయస్థానములు కోరు ప్రమాణము, అనగా అవునను పక్షము కాదను పక్షముకంటె బలవత్తరమై యుండుట, వీరిలో ఏ యొక్కనికిని ఎన్నటికిని సిద్ధింపదు. సమూహముగ చూచినపుడు హాని నిస్సందేహము. వ్యక్తిగ చూచినపుడు నిరూపణము అసాధ్యము. కావున ప్రతి రోగియు తన రోగకారణమును తానే నిరూపించుకొనవలెనను నియమము పైకి నిష్పాక్షికముగ కన్పట్టినను, దాని ఫలితము మాత్రము ఆ తొమ్మండుగురిని ఖాయముగ త్రోసిపుచ్చుటయే. దీనికి ప్రత్యామ్నాయముగ, నిర్ణీతకాలము సేవచేసినవానికి నిర్ణీతమైన కాన్సరు వచ్చినచో అది వృత్తివలననే వచ్చినదని చట్టమే ముందుగ భావించి, కాదని నిరూపించు భారమును యజమానిపై మోపుట ఒక మార్గము. అపుడు వృత్తితో సంబంధములేని కొందరికిని పరిహారము ముట్టుట నిజమే. రెండు విధములుగను పొరపాటు తప్పనపుడు, ఏ పొరపాటును ఎవరు భరింపవలెనను దానిని నిర్ణయింపవలసినవారు శాసనకర్తలు. ఆ భారమును శాస్త్రజ్ఞులపై నెట్టివేయుట తప్పించుకొనుటయే యగును.

ప్రతిపక్షుల వాదమును తేలికగ తీసివేయరాదు. ఫ్రాన్సునందలి లియాన్‌లో 2022 జూన్‌లో ఎనిమిది దేశముల శాస్త్రజ్ఞులు 25 మంది సమావేశమై, అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ పక్షమున, అగ్నిమాపకవృత్తిని మానవులలో కాన్సరు కలిగించునట్టి మొదటి వర్గమున చేర్చిరి. 2007లో అదే సంస్థ దానిని కేవలము సంభావ్యమని యెంచియుండెను. అయితే ఈ వర్గీకరణము సాక్ష్యము ఎంత బలమైనదో చెప్పును గాని ప్రమాదము ఎంత పెద్దదో చెప్పదు. అంతియకాక ఆ శాస్త్రజ్ఞులు తగినంత సాక్ష్యమున్నదని చెప్పినది మీసోథీలియోమా, మూత్రాశయ కాన్సరు అను రెండింటికే. పెద్దప్రేగు, ప్రోస్టేటు, వృషణ కాన్సరులు, మెలనోమా, ఒక విధమగు లింఫోమా విషయమున సాక్ష్యము పరిమితమనిరి. సంఘముల బలమునుబట్టి పట్టికలు పెరుగుచు పోయినచో ధూమపానముచే రోగియైనవాడును, రోగముల పట్టికకెక్కిన ప్రతివాడును ప్రజాధనమునకు హక్కుదారులగుదురని వీరి భయము. ఈ భయమునకు మందు చట్టమును నిరాకరించుటలో లేదు. చట్టమును కొలతతో వ్రాయుటలో నున్నది.

కొలతతో వ్రాసినవారు ఉన్నారు. కెనడాలో మానిటోబా రాష్ట్రము 2002లో, రోగము వృత్తివలననే వచ్చినదను ముందస్తు భావనను తొలుత శాసనమున చేర్చగా తక్కిన రాష్ట్రములు క్రమముగ అనుసరించినవి. 2023 జూన్‌లో ఆ దేశపు పార్లమెంటు అగ్నిమాపకుల కాన్సరులకు జాతీయ విధానమును రూపొందింపవలెనని చట్టము చేసెను. ఆస్ట్రేలియా 2011లో సమాఖ్య అగ్నిమాపకులకై చేసిన చట్టము నాకు మిక్కిలి వివేకవంతముగ తోచుచున్నది: మెదడు కాన్సరునకు, లుకేమియాకు 5 ఏండ్లు, రొమ్ము, వృషణ కాన్సరులకు 10 ఏండ్లు, మూత్రపిండ, మూత్రాశయ కాన్సరులకు 15 ఏండ్లు సేవ చేసియుండవలెనని ఒక్కొక్క రోగమునకు ఒక్కొక్క కాలపరిమితిని అది విధించినది. దానివలన నిన్న చేరి నేడు రోగియైనవానికిని, జీవితమంతయు పొగలో గడపినవానికిని భేదము నిలిచినది. బ్రిటన్‌లో ఇట్టి చట్టము లేదు. స్కాట్లండు అగ్నిమాపకులు సామాన్యజనముకంటె 1.6 రెట్లు కాన్సరువలన మరణించుచున్నారని సెంట్రల్ లంకషైర్ విశ్వవిద్యాలయపు పరిశోధన 2023లో వెల్లడింపగా, సంఘములవారు దానిని చేబూని ప్రభుత్వమును నిలదీయుచున్నారు. అమెరికా యైనను న్యూయార్కువారికి ఇచ్చినదానిని సమాఖ్య అగ్నిమాపకులకు 2022 డిసెంబరుదాక ఈయలేదు. దేశవ్యాప్తమగు అగ్నిమాపక కాన్సరు పట్టీకి 2018లో చట్టము చేసి, 2023 ఏప్రిలులో గాని నమోదు ప్రారంభింపలేదు.

పరిహారమునుగూర్చి ఇంత చెప్పవలసివచ్చినది గాని, నివారణము దానికంటె చవుక, దానికంటె దయామయము. మంట ఆరినపిమ్మట బూడిదలో నిప్పుకణములు వెదకు దశయందే ముఖమున తొడుగు తీసివేయుట సర్వసామాన్యము. కంటికి పొగ కనబడకున్నను విషవాయువులు అపుడును వెలువడుచునే యుండును. మసిపట్టిన కోటును శౌర్యచిహ్నముగ భావించి, దానినే తొడుగుకొని భోజనమునకు కూర్చుండుట అనేక దేశములలో పాతవాడుక. ఆ మసి చర్మముగుండ దేహమున ప్రవేశించును. స్వీడనులో షెలెఫ్టియో పట్టణపు అగ్నిమాపకులు మురికి దుస్తులను సంచులలో మూటగట్టి వేరుగ తెచ్చుట, స్నానముచేసి గాని కేంద్రపు నివాసభాగమున అడుగిడకుండుట అను సులభమైన ఆచారములను స్థాపించి ఇతరదేశములకు ఆదర్శమైరి. చిత్రమేమన, రక్షించుటకై తొడిగిన కోటే శంకనీయమైనది: ఆ కోటు వస్త్రమున నీరు అంటకుండుటకై చేర్చు పీఫాస్ రసాయనములను నోటర్ డేమ్ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రజ్ఞుడు గ్రాహం పీస్లీ కనుగొనెను. ఆయనచేత ఆ పరీక్ష చేయించినది మాసచూసెట్స్‌కు చెందిన, కాన్సరు సోకిన ఒక అగ్నిమాపకుని భార్య పట్టుదల. వానిలో ఒకటియగు పీ.ఎఫ్.ఓ.ఏ.ను పైని చెప్పిన లియాన్ సంస్థ 2023లో మొదటి వర్గమున చేర్చెను. 2027 నుండి అట్టి కోటుల విక్రయమును నిషేధించుచు మాసచూసెట్స్ రాష్ట్రము 2024లో శాసించినది.

ఇదంతయు మనకేల యనువారు జీడిమెట్ల, పాశమైలారము, పరవాడ, అచ్యుతాపురము పారిశ్రామికవాడలను ఒకసారి తలచుకొనవలెను. ద్రావకములును, ఔషధముల మధ్యస్థరసాయనములును కాలుచున్న చోటికి మన ఫైరుమెను వెళ్లునపుడు ఆతడెదుర్కొనునది కట్టెలపొగ కాదు. ఆస్బెస్టాసు సిమెంటు రేకుల వాడుక అనేకదేశములలో నిషిద్ధమైనను మనకడ నిషిద్ధము కాలేదు. రేకుల కప్పులు కూలిన గోదాములలోనికి దూరువారిని మీసోథీలియోమా వెన్నాడుటకు ఇరువది ముప్పదియేండ్లు పట్టును, అప్పటికి వారు ఉద్యోగవిరమణముచేసి ఏ దస్త్రమునందును లేనివారై యుందురు. పదునైదవ ఆర్థికసంఘము అగ్నిమాపకసేవల ఆధునీకరణమునకు కేటాయించిన 5,000 కోట్ల రూపాయలలో ఎత్తయిన నిచ్చెనలు, క్రొత్త వాహనములు కొనుట సమంజసమే. కాని ఘటనాస్థలమునకు వెళ్లు ప్రతివానికి బి.ఏ. సెట్టు (శ్వాసపరికరము), మార్చి తొడుగుకొనుటకు రెండవ కోటు, కేంద్రమున ఉతుకుయంత్రము, ఏటేట వైద్యపరీక్ష, విరమణానంతరమును కొనసాగు ఆరోగ్యపట్టీ అనునవి వాహనములముందు మిక్కిలి స్వల్పవ్యయములు. ఉద్యోగుల ఆరోగ్యపథకము చికిత్సావ్యయమును భరించుననుట నిజమే; చికిత్స వేరు, ఈ రోగము నీ సేవవలన వచ్చినదను గుర్తింపు వేరు, కుటుంబమునకు పింఛనును పరిహారమును ఆ గుర్తింపుననుసరించియే వచ్చును. న్యూయార్కువారు ఆరోగ్యకార్యక్రమమును పరిహారనిధిని వేర్వేరుగ నెలకొల్పినది ఈ భేదము నెరిగియే.

మన చట్టమున ఈ విషయమై గల వైరుధ్యము వింతయైనది. 1923 నాటి కార్మిక పరిహారచట్టము తన రెండవ పట్టికలో అగ్నిమాపకదళమున సేవచేయువానిని పరిహారమునకర్హుడైన కార్మికునిగ స్పష్టముగ పేర్కొన్నది. కావున నిచ్చెనపైనుండి పడినవానికి హక్కున్నది. వృత్తివ్యాధులను వివరించు మూడవ పట్టిక ఆస్బెస్టాసువలన వచ్చు మీసోథీలియోమాను ఎరుగును గాని, ఆ ఆస్బెస్టాసు నడుమ పనిచేయు ఫైరుమెనును ఆ వ్యాధికి ఎదురుగ వ్రాయలేదు. కావున ఆతడు తాను ఏయేట, ఏ కప్పుక్రింద, ఎంత నార పీల్చెనో చూపవలెను. 2025 నవంబరున ఆ చట్టము స్థానమున అమలులోనికి వచ్చిన సామాజికభద్రతా స్మృతి ఈ పట్టికల విధానమునే నిలుపుకొన్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు మీసోథీలియోమాను, 15 ఏండ్ల సేవానంతరము వచ్చు మూత్రాశయ కాన్సరును, అనగా సాక్ష్యము నిర్వివాదమైన రెండింటిని, అగ్నిమాపకవృత్తికి ముందుగ జతపరచి, తక్కినవానిని పట్టీలోని లెక్కలు తేలినకొలది పరిశీలింపవచ్చును. దీనికి శాసనసభలో క్రొత్త బిల్లు అక్కరలేదు. మూడుమాసములు ముందుగ నోటీసునిచ్చి, ఒక వృత్తిని మూడవ పట్టికకు చేర్చుచు గెజెటులో ప్రకటింపగల అధికారమును 1923 నాటి చట్టమువలెనే సామాజికభద్రతా స్మృతియు ప్రభుత్వములకు ఇచ్చియేయున్నది.